మృతుడి చొక్కా మీది ఎర్ర పోగులు ఆటో రగ్గువేనా? ల్యాబ్ రిపోర్టు ఎంతవరకు చెప్పగలదు

ముద్దాయి తరఫు జూనియర్ లాయరుగా మీరు రాసినది నాకు అర్థమైనంతవరకు ఇదీ విషయం. చిత్తూరు దగ్గర మామిడి తోటలో శవం దొరికింది. మృతుడి చొక్కా మీద కొన్ని ఎర్ర పోగులు కనిపించాయి. ముద్దాయి ఆటో సీటు మీద పరిచిన ఎర్ర అక్రిలిక్ రగ్గును పోలీసులు సీజ్ చేశారు. రంగులోనూ, మైక్రోస్కోపు లక్షణాల్లోనూ, రసాయన స్వభావంలోనూ రెండూ ఒకటే రకమని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు ఇది వేలిముద్రతో సమానం అంటున్నారు. మీ సీనియర్ గారు "పోగుదేముంది, గాలికి ఎగిరొచ్చి పడుంటుంది" అని తీసిపారేస్తున్నారు. ఎవరి మాట పట్టుకుని ల్యాబ్ నిపుణుడి క్రాస్ ఎగ్జామినేషన్‌కు తయారవ్వాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశారు.

ఇద్దరి మాటా నిలవదమ్మా. నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు ఈ పోగులు, వెంట్రుకలు, మట్టి చూసిన మనిషిని. రిటైరై తిరుపతిలోనే ఉంటున్నాను. పోగు వేలిముద్ర కాదు. అలాగని పనికిరాని చెత్త కూడా కాదు. ఒక్కో కేసులో దాని బలం ఎంతన్నది మైక్రోస్కోపు కింద పెట్టక ముందే, బట్టలు సీజ్ చేసిన రోజే చాలావరకు తేలిపోయి ఉంటుంది. మీరు రిపోర్టు చివరి పేరా ఒక్కటే చదివినట్టున్నారు. పంచనామా, వస్తువులతోపాటు ల్యాబ్‌కు పంపే లెటర్ ఆఫ్ అడ్వైస్, ల్యాబ్ వర్క్‌షీట్లు కూడా చదవాలి. ఎందుకో చెబుతాను.

ముందు, ల్యాబ్‌లో ఏం చేసి ఉంటారో చూద్దాం. చొక్కా మీద పారదర్శకమైన టేపు ముక్కలను అద్ది తీస్తారు. ముందు భాగం, వీపు, కాలర్, చేతులు, ఒక్కోదానికి వేరు వేరు టేపులు. వాటిని పారదర్శకమైన షీటు మీద అంటించి, స్టీరియో మైక్రోస్కోపు కింద అంగుళం అంగుళం వెతుకుతారు. ఎర్ర పోగు కనిపిస్తే చుట్టూ గీత గీసి, టేపును కోసి, సాల్వెంట్ చుక్క వేసి, సన్నని చిమటాతో బయటికి తీసి స్లైడు మీద పెడతారు. ఆ పోగు మందం మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు. ఒక్క చొక్కా టేపులు చూడటానికి పూట పడుతుంది, ఒక్కోసారి రోజంతా పడుతుంది.

తర్వాత పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపు. అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ల మధ్య పోగును పెట్టి చూస్తే ఏ జాతి పోగో చాలావరకు అక్కడే బయటపడుతుంది. పాలిస్టర్ అయితే ధగధగమని లేత గులాబీ, ఆకుపచ్చ రంగులు చిందిస్తుంది, దాని బైరెఫ్రింజెన్స్, అంటే వెలుతురును రెండుగా విడగొట్టే గుణం, అంత ఎక్కువ. నైలాన్ దానికంటే తక్కువ. అక్రిలిక్ దాదాపు బూడిద రంగులోనే మసకగా ఉండిపోతుంది, పైగా ఆ గుణం గుర్తు దానికి నెగెటివ్. ఇది తెలిసినవాళ్లు అక్రిలిక్‌ను నిమిషంలో పట్టేస్తారు. పత్తి పోగు చదునుగా ఉండి, అక్కడక్కడ మెలి తిరిగి ఉంటుంది. ఉన్ని మీద పొలుసులుంటాయి. పట్టు అడ్డకోత గుండ్రం మూలలున్న త్రికోణం. అక్రిలిక్ అడ్డకోత తయారీ పద్ధతిని బట్టి మారుతుంది: డ్రై స్పిన్నింగ్‌లో ఎముక ఆకారం, వెట్ స్పిన్నింగ్‌లో గుండ్రంగానో చిక్కుడు గింజ ఆకారంలోనో వస్తుంది. మెరుపు తగ్గించడానికి కలిపిన టైటానియం డయాక్సైడ్ నల్లటి చుక్కలుగా కనబడుతుంది. ఆ చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయన్నది కూడా పోల్చి చూసే లక్షణమే.

ఆపైన ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష, పోగు ఏ ఇన్‌ఫ్రారెడ్ తరంగాలను మింగుతుందో గీతగా చూపేది. అక్రిలిక్‌లో నైట్రైల్ గుంపు ఉంటుంది కాబట్టి ఆ గీత మీద 2240 (సెం.మీ.⁻¹) దగ్గర ఒక శిఖరం లేస్తుంది. ఆ ప్రాంతంలో పత్తికీ, పాలిస్టర్‌కీ అది ఉండదు. మిగతా శిఖరాలను బట్టి అక్రిలిక్‌లో ఏ తోడు పాలిమర్ కలిపారో కూడా చెప్పవచ్చు. అందువల్ల అక్రిలిక్‌లోనే ఉపరకాలు విడిపోతాయి. మీ రిపోర్టులో "రసాయన స్వభావం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఉపరకం దాకా వెళ్లారా, అక్రిలిక్ అని తేల్చి అక్కడితో ఆగారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

రంగు దగ్గర కాస్త నిలబడి మాట్లాడాలి, చాలామంది తప్పు చేసేది అక్కడే. గాంధీ రోడ్డులో మ్యాచింగ్ బ్లౌజు కొనే ఆడవాళ్లను చూడండి. షాపులో ట్యూబ్‌లైటు కింద చీరకూ గుడ్డకూ రంగు సరిగ్గా కలిసిపోతుంది. అయినా కొనరు, రెండింటినీ పట్టుకుని మెట్ల మీదికి, ఎండలోకి వస్తారు. అక్కడ ఒకటి ఇటుక రంగు, ఒకటి కుంకుమ రంగు. రెండు వేర్వేరు డైలు ఒక వెలుతురులో ఒకటిగా కనబడి, ఇంకో వెలుతురులో విడిపోతాయి. కంటిని నమ్మి "ఎరుపు, ఎరుపు, సరిపోయాయి" అనడం ట్యూబ్‌లైటు కింద బ్లౌజు కొనడమే. అందుకే మైక్రోస్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది. ఒకే ఒక్క పోగు గుండా వెలుతురు పంపి, సుమారు 380 నుంచి 780 నానోమీటర్ల దాకా ఏ తరంగాన్ని ఎంత మింగుకుందో గీత గీస్తుంది. కంటికి ఒకేలా కనిపించిన రెండు ఎరుపులు ఆ గీతల్లో వేరుపడటం నేను తరచూ చూసేవాణ్ని. మీ కేసులో ఆ పరీక్ష చేశారా? కంపారిజన్ మైక్రోస్కోపు కింద కంటితో చూసి రాశారా? చేసి ఉంటే ఎన్ని పోగుల మీద చేశారు? రగ్గు నుంచి ఎన్ని శాంపిళ్లు తీశారు? వాడిన రగ్గు ఎండ తగిలిన వైపు వెలిసిపోయి ఉంటుంది, సీటు అడుగుకు మడిచిన వైపు కొత్తగానే ఉంటుంది. రెండు చోట్ల నుంచీ తీయాలి.

సరే, ఇవన్నీ చక్కగా చేశారనే అనుకుందాం. అన్నీ కలిశాయి. అప్పుడు కూడా నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే: ఈ పోగులు ఆ రగ్గు నుంచి వచ్చి ఉండవచ్చు, లేదా అదే రకం పోగుతో, అదే డైతో తయారైన ఇంకే వస్తువు నుంచైనా వచ్చి ఉండవచ్చు. "ఆ రగ్గుదే" అని ఏ నిపుణుడూ అనకూడదు. అమెరికాలో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఫోరెన్సిక్ శాస్త్రం మీద 2009లో ఇచ్చిన నివేదిక కూడా పోగుల పరీక్షను ఈ హద్దులోనే ఉంచింది, ఫలానా తరగతికి చెందినదని చెప్పవచ్చు, ఫలానా బట్టకే చెందినదని చెప్పలేం. ఒక్క మినహాయింపు ఉంది. చిరిగిన గుడ్డ ముక్క దొరికి, దాని అంచు పడుగు పేక దారాలతో సహా చిరిగిన బట్టలో సరిగ్గా అతికితే, అప్పుడు "ఇది దాని ముక్కే" అనవచ్చు. విడి పోగుల విషయంలో ఆ అవకాశం లేదు.

అయితే "ఉండవచ్చు" అన్న మాటకు ఎంత బరువుందన్నది కేసు కేసుకూ మారుతుంది. ఇక్కడే మీ సీనియర్ గారు పొరబడుతున్నారు. అట్లాంటా కేసు చెబితే మీకు తెలుస్తుంది.

1979 నుంచి 1981 దాకా అమెరికాలోని అట్లాంటా నగరంలో వరసగా పిల్లలూ, యువకులూ హత్యకు గురయ్యారు. శవాల మీద పసుపు కలిసిన ఆకుపచ్చ నైలాన్ పోగులు పదే పదే దొరికాయి. అడ్డకోత మూడు రెక్కలుగా, అదీ రెండు రెక్కలు పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉంది. ఆ ఆకారాన్ని బట్టి అది కార్పెట్ పోగని తేలింది, తయారు చేసిన కంపెనీ వెల్మన్ అనీ తేలింది. 1981 ఫిబ్రవరిలో పోగులు దొరుకుతున్నాయన్న వార్త పేపర్లో వచ్చింది. ఆ తర్వాత దొరికిన శవాలు చాలావరకు బట్టలు లేకుండా నదుల్లో తేలాయి. దాంతో పోలీసులు వంతెనల దగ్గర కాపు కాశారు, అలా వేన్ విలియమ్స్ అనే మనిషి అనుమానంలోకి వచ్చాడు. అతని ఇంట్లో ఆ రంగు కార్పెట్ ఉంది.

నిపుణులు అక్కడితో ఆగలేదు. ఆ పోగును కొన్న కార్పెట్ కంపెనీల లెక్కలు తెప్పించారు. వెస్ట్ పాయింట్ పెప్పరెల్ అనే కంపెనీ ఆ పోగుతో, ఆ రంగులో అమ్మింది 16,397 చదరపు గజాలే. అది పది రాష్ట్రాల్లో సమానంగా అమ్ముడైందనుకుని, అట్లాంటా ప్రాంతంలో ఎన్ని ఇళ్లున్నాయో చూసి, అలాంటి కార్పెట్ ఉన్న ఇల్లు తగలడం 7,792లో ఒకటి అని కోర్టుకు లెక్క చూపించారు. ఆ లెక్కలో ఊహలు చాలా ఉన్నాయి, దాన్ని విమర్శించినవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ నంబరు కంటే ఇంకో విషయం ముఖ్యం అనిపిస్తుంది. దొరికింది ఒక్క కార్పెట్ పోగే కాదు. అతని మంచం మీది దుప్పటిలోని ఊదారంగు ఎసిటేట్ పోగులు, ఇంట్లోని కుక్క వెంట్రుకలు, మరికొన్ని రకాలు కూడా అవే శవాల మీద కలిసి కనబడ్డాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు రకాలు ఒకే ఇంటి వైపు చూపిస్తుంటే, యాదృచ్ఛికం అనడం కష్టమవుతుంది. 1982 ఫిబ్రవరిలో జ్యూరీ ఇద్దరు యువకుల హత్యల్లో అతన్ని దోషిగా తేల్చింది.

ఇప్పుడు మీ రగ్గు దగ్గరికి వద్దాం. మన దగ్గర రోడ్డు పక్కన పరిచి అమ్మే చవక రగ్గులు, దుప్పట్లు చాలావరకు పానిపట్ నుంచి వస్తాయి. అక్కడ పాత ఊలు బట్టలు, స్వెటర్లు చీల్చి, మళ్లీ పీచుగా చేసి నూలు వడుకుతారు, దాన్ని షాడీ నూలు అంటారు. పైకి ఎర్రగా కనిపించే అలాంటి రగ్గులోంచి ఒక దారం లాగి మైక్రోస్కోపు కింద విప్పితే ఎర్ర అక్రిలిక్ మధ్యలో నీలం ఉన్ని, నల్ల పాలిస్టర్, పచ్చ నైలాన్, ఏవేవో దొరుకుతాయి. మీ రగ్గు అలాంటిదే అయి, మృతుడి చొక్కా మీద కూడా ఆ కలగలుపు దొరికి ఉంటే, పీపీ గారి వాదన చాలా గట్టిది. మీరు దాన్ని తేలిగ్గా తీసుకోలేరు. రగ్గు మిల్లులో ఒకే డైతో అద్దిన కొత్త అక్రిలిక్‌దై, చొక్కా మీద ఆ ఒక్క రకమే దొరికితే, అలాంటి రగ్గులు ఈ జిల్లాలో ఎన్ని ఆటోల్లో ఉన్నాయో ఎవరైనా కనుక్కున్నారా అని మీరు అడగవచ్చు. రిపోర్టులో "ఎర్ర అక్రిలిక్ పోగులు" అని మాత్రమే ఉంది కాబట్టి ఈ రెంటిలో ఏదో నాకు తెలియడం లేదు. వర్క్‌షీట్లలో ఉంటుంది.

ఏ పోగు ఎంత అరుదన్నది ఊరిని బట్టి కూడా ఉంటుంది. తెల్ల పత్తి పోగు ఎక్కడైనా దొరుకుతుంది, ఏ బట్ట మీద టేపు వేసినా వస్తుంది. నీలం జీన్స్ పోగూ అంతే. అందుకే చాలా ల్యాబుల్లో ఈ రెండింటినీ వెతకనే వెతకరు. తిరుపతిలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల నల్ల బట్టలు బస్సుల్లో, రైళ్లలో, సత్రాల్లో ఎక్కడ చూసినా ఉంటాయి. ఆ నెలల్లో నల్ల పత్తి పోగు దొరికిందని ఎగిరి గంతేయడం తప్పు. లాడ్జి గదుల దుప్పట్లు ఎన్ని ఊళ్ల జనం మీద పడ్డాయో లెక్కుండదు. తలనీలాలు ఇచ్చే ఊళ్లో తెగిన వెంట్రుక దొరకడానికి కూడా మరో ఊళ్లో ఉండే అర్థం ఉండదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ శ్రీకాళహస్తి కలంకారీ. అక్కడ చేత్తో వేసే గుడ్డకు ముందు కరక్కాయ, పాలు పట్టిస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన నీళ్లతో నలుపు వేస్తారు. ఆ నలుపులో ఇనుము ఉంటుంది. బజారులో దొరికే చవక నల్ల పత్తి గుడ్డకు సాధారణంగా వాడేది సల్ఫర్ బ్లాకో, రియాక్టివ్ డైయో. పైకి రెండూ నల్ల పత్తే, ల్యాబ్‌లో రెండూ వేరు. అలాంటి పోగు ఒకటి రెండు దొరికినా, నగరి మరమగ్గాల గుడ్డ పోగులు బోలెడు దొరికినదానికంటే ఎక్కువ చెబుతుంది.

ఇక మీ కేసుకు అసలైన మెలిక. మీ క్లయింటు ఆటో నడుపుతాడు. రోజూ ఎందరో ఎక్కుతారు, దిగుతారు. మృతుడు కూడా ఎప్పుడో ఎక్కి ఉండవచ్చు కదా అన్నది మీ వాదన. న్యాయమైన వాదనే. కానీ దీనికి పోగులు జవాబు చెప్పగలవు, అదీ మీ క్లయింటుకు వ్యతిరేకంగా కూడా చెప్పగలవు. అందుకే ముందే తెలుసుకోండి.

బట్ట మీద పడిన పోగు అలాగే ఉండిపోదు. మనిషి నడుస్తుంటే, కూర్చుంటుంటే, చెయ్యి ఊపుతుంటే రాలిపోతూ ఉంటుంది. 1975లో బ్రిటన్‌లో పౌండ్స్, స్మాల్డన్ అనే ఇద్దరు దీన్ని ప్రయోగాలు చేసి కొలిచారు. మొదటి నాలుగు గంటల్లోనే దాదాపు 80 శాతం రాలిపోయాయి. ఒక రోజు గడిచాక మిగిలేది 5 నుంచి 10 శాతం. బట్ట రకాన్ని బట్టి అంకెలు మారతాయి, కానీ మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా రాలడం అన్నది ఎక్కడైనా ఒకటే. అందుకే పోగులు నిన్నటి, ఇవాళ్టి సంగతి చెబుతాయి, పోయిన నెల సంగతి చెప్పవు.

ఇది బతికున్న మనిషి మాట. శవం కదలదు. చనిపోయిన క్షణంలో చొక్కా మీద ఏమున్నాయో అవి చాలావరకు అలాగే నిలిచిపోతాయి, గాలీ వానా తగలకపోతే, శవాన్ని ఎత్తినవాళ్లు చెరపకపోతే. కాబట్టి మృతుడి చొక్కా వీపు మీద, ప్యాంటు వెనక భాగం మీద పదుల కొద్దీ ఎర్ర పోగులు దొరికి ఉంటే, అతను చనిపోవడానికి కొద్ది గంటల ముందే అలాంటి రగ్గు మీద కూర్చున్నాడో, పడుకోబెట్టారో అనే అర్థం వస్తుంది. మూడు రోజుల కింద ఆటో ఎక్కాడన్న వాదన దాని ముందు నిలవదు. రెండో మూడో పోగులు, అవీ చేతుల చివర్ల దగ్గర దొరికి ఉంటే, ఎప్పటిదో స్పర్శ కావచ్చు, మరొకరి ద్వారా వచ్చినవీ కావచ్చు. ఆ ఆటోలో కూర్చుని లేచిన మనిషి బస్సులో ఇతని పక్కన కూర్చున్నా ఒకటీ అరా రావడం సాధ్యమే. రిపోర్టులో "కొన్ని" అని రాశారని మీరన్నారు. "కొన్ని" అంటే ఎన్ని? చొక్కా మీద ఎక్కడ? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ రిపోర్టు సగమే ఉన్నట్టు. టేపులకు వేర్వేరుగా నంబర్లు వేసి ఉంటే జవాబు దొరుకుతుంది. చొక్కాను కాగితం మీద దులిపి పోగులు ఏరి ఉంటే, ఏది ఎక్కడిదో ఇక ఎప్పటికీ తెలియదు.

రెండో వైపు కూడా చూడాలి. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పోలీసు ల్యాబ్ పెట్టిన ఎడ్మండ్ లొకార్డ్ పేరు మీరు చదివే ఉంటారు. రెండు వస్తువులు తాకితే ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుందన్న సూత్రం ఆయన పేరుతోనే ఉంది. రగ్గు పోగులు చొక్కా మీదికి వచ్చాయి సరే, చొక్కా పోగులు రగ్గు మీద ఉన్నాయా? వెతికారా? వెతికితే దొరకలేదా? ఇక్కడ మీరు తొందరపడి "దొరకలేదు కాబట్టి తాకలేదు" అనకండి. అక్రిలిక్ రగ్గు పోగులు బాగా రాలుస్తుంది, బిగువుగా నేసిన పాలిస్టర్ చొక్కా దాదాపు ఏమీ రాల్చదు. మృతుడి చొక్కా అలాంటిదైతే రగ్గు మీద దాని పోగులు లేకపోవడం వింత కాదు. వదులుగా నేసిన పత్తి చొక్కా అయి, వెతికినా ఒక్కటీ దొరకకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఇప్పుడు సీజ్ చేసిన రోజు సంగతి. నాకు ఇది అన్నిటికంటే బాధ కలిగించే విషయం, ఎందుకంటే మంచి సాక్ష్యం నాశనమయ్యేదీ, నిరపరాధి ఇరుక్కునేదీ ఇక్కడే. మృతుడి బట్టలూ, అనుమానితుడి బట్టలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపిన కేసు మా దగ్గరికి వచ్చింది. తడి ఆరకుండా కట్టారు కాబట్టి లోపల బూజు పట్టి ఉంది. ఎవరి పోగులు ఎవరి మీదికి ఎప్పుడు చేరాయో ఇక ఏ యంత్రమూ చెప్పలేదు. ఇంకోసారి, రక్తం తడిసిన బట్టలను స్టేషన్ వెనక దండెం మీద పక్కపక్కనే ఆరేశామని పంపినవాళ్లే చెప్పారు. పాపం, ఆరబెట్టడం మంచిదే, నీడలో ఆరబెట్టాలి. కానీ వేరు వేరు గదుల్లో, కింద వేరు వేరు తెల్ల కాగితాలు పరిచి, ఆ కాగితాన్ని కూడా బట్టతోపాటే మడిచి పంపాలి. రాలిన పోగులు అందులో ఉంటాయి. ఒక్కో బట్టకు ఒక్కో కాగితపు సంచి. విడిగా దొరికిన పోగైతే కాగితంలో పొట్లం కట్టి, ఆ పొట్లాన్ని కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో నేరుగా వేస్తే గోడలకు అతుక్కుపోతుంది.

మీ కేసులో నేను ముందు చూసేది ఇదే. శవం దగ్గరికి వెళ్లిన కానిస్టేబులే ఆటో నుంచి రగ్గు తీశాడా? ఏ గంటకు ఏది? మృతుడి బట్టలు కట్టక ముందు రగ్గు స్టేషన్‌కు వచ్చేసిందా? రెండూ ఒకే జీపు వెనక సీటు మీద ప్రయాణం చేశాయా? శవాన్ని పోస్టుమార్టానికి తరలించడానికి ఏ వాహనం వాడారు? ఒక్కోసారి దగ్గర్లో ఏది దొరికితే ఆ ఆటోనే వాడేస్తారు. ఆ ఆటోలో ఏం పరిచి ఉందో ఎవరూ రాయరు. పోస్టుమార్టం గదిలో బట్టలు తీసింది ఎవరు, ఏ బల్ల మీద పెట్టారు? పంచనామాలో మధ్యవర్తుల సంతకాల పక్కన సమయం ఉంటుంది, లక్క సీలు ఎప్పుడు వేశారో ఉంటుంది. ఆ సమయాలను ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. రగ్గూ చొక్కా ఒకే కప్పు కింద విప్పి ఉన్న క్షణం ఒక్కటైనా కనబడితే, అదే మీ క్రాస్.

కలుషితమైందన్న వాదన ప్రతిసారీ గెలవదని కూడా గుర్తుపెట్టుకోండి. లండన్‌లో 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే కుర్రవాణ్ని పొడిచి చంపారు. చాలా ఏళ్ల తర్వాత ల్యాబ్‌లో పాత బట్టలను మళ్లీ వెతికితే ఒక నిందితుడి జాకెట్ కాలర్ మీద చిన్న రక్తపు మరక, ఆ జాకెట్ మీదా, అది పెట్టిన సంచిలోనూ లారెన్స్ బట్టల పోగులు దొరికాయి. పాత కాగితపు సంచుల్లో, టేపుతో మూసి దాచారు కాబట్టి ఒకదాని నుంచి ఒకదానికి చేరాయని డిఫెన్స్ గట్టిగా వాదించింది. ఏ సంచి ఎప్పుడు ఎక్కడ ఉంది, ఎవరు విప్పారు అన్నది నిపుణులు ఒక్కొక్కటిగా వివరించారు. 2012 జనవరి 3న ఇద్దరిని దోషులుగా తేల్చారు. రికార్డు సరిగ్గా ఉంటే పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా పోగు మాట్లాడుతుంది. రికార్డు లేకపోతే పద్దెనిమిది గంటల తర్వాత కూడా నోరు పెగలదు.

చట్టం నాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి రెండు ముక్కలు. మా అభిప్రాయం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 39 కింద వస్తుంది, పాత ఎవిడెన్స్ యాక్ట్ 45 స్థానంలో. రిపోర్టును నిపుణుణ్ని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవడం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 329, పాత సీఆర్‌పీసీ 293. చాలామంది లాయర్లు రిపోర్టు మార్క్ అవుతుంటే ఊరుకుంటారు. అదే సెక్షన్ కింద కోర్టు నిపుణుణ్ని పిలిపించవచ్చు, మీరు పిటిషన్ వేయండి. ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలని బీఎన్ఎస్ఎస్ 176(3) చెబుతోంది, రాష్ట్రం నోటిఫై చేసిన తేదీ నుంచి అది తప్పనిసరి. అదే చట్టం సెక్షన్ 105 కింద సోదా, సీజ్ వీడియో తీయాలి. మీ కేసు 2024 జూలై 1 తర్వాతదైతే ఆ వీడియో అడిగి తీసుకోండి. రగ్గును ఎవరు, ఏ చేతులతో, ఏ సంచిలో పెట్టారో అందులో కనబడుతుంది, పంచనామాలో రాయనిది కూడా కనబడుతుంది. ఇక మీ కేసు మొత్తం సందర్భ సాక్ష్యం మీదే నడుస్తోంది కాబట్టి సందర్భ సాక్ష్యం మీద శిక్ష వేయడానికి 1984 నాటి శరద్ బిర్దీచంద్ శార్దా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన అయిదు సూత్రాలు ఎలాగూ వస్తాయి. గొలుసులో పోగు ఒక లంకె కాగలదు. మిగతా లంకెలు, అంటే చివరిసారి కలిసి కనబడటం, ఫోన్ టవర్లు, రికవరీ, ఏవీ లేకుండా పోగు ఒక్కటే ఉంటే గొలుసు లేనట్టే.

నిపుణుడు బోనెక్కాక అతణ్ని అవమానించే ప్రశ్నలు వేయకండి. పోగులు ఎన్ని, చొక్కా మీద ఎక్కడెక్కడ, రంగును యంత్రంతో కొలిచారా, రగ్గులో ఎన్ని రకాల పోగులున్నాయి, అన్ని రకాలూ చొక్కా మీద ఉన్నాయా, ఆటోలో ప్రయాణించినా ఇదే ఫలితం రావచ్చా, ఇదే రకం పోగు వేరే రగ్గు నుంచి రావచ్చా. నిజాయితీ ఉన్న శాస్త్రవేత్త చివరి రెండింటికీ "రావచ్చు" అనే చెబుతాడు. అయితే మొదటి ప్రశ్నకు "వీపు మీద అరవై" అని జవాబు వస్తే, ఆటో ప్రయాణం ప్రశ్న అడగడం మీకే ఎదురు తిరుగుతుంది. అందుకే వర్క్‌షీట్లు చేతికి రాకముందు క్రాస్ మొదలుపెట్టవద్దని చెప్పేది.

ఇంకో పని వెంటనే చేయండి. ల్యాబ్ నుంచి తిరిగొచ్చిన రగ్గు, చొక్కా ఇప్పుడు కోర్టు ప్రాపర్టీ రూములో ఉంటాయి. సీళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో కోర్టు అనుమతితో చూడండి, కానీ మూటలు విప్పనివ్వకండి. రెండోసారి పరీక్ష కావాలని మీ సీనియర్ గారికి అనిపిస్తే, ల్యాబ్‌లో దాచిన టేపులు, స్లైడ్లు పంపమని పిటిషన్‌లో విడిగా అడగండి, మొదటి రోజు చొక్కా మీద ఏమున్నాయో వాటి మీదే ఉంటుంది.